ఫ్రెంచ్‌లో అడగడం వచ్చా?

ఒకే ప్రశ్నకు మూడు రూపాలు. ఏది ఎవరి దగ్గర వాడాలో తెలియకపోతే వ్యాకరణం ఎంత వచ్చినా లాభం లేదు. కెనడా, ఫ్రాన్స్ దారి పట్టిన తెలుగువారికి ఇప్పుడు అదే అసలు పరీక్ష.

2018 జూన్ 18. పారిస్ శివార్లలోని మోన్ వలేరియన్ కొండ. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు కాల్చి చంపిన దేశభక్తుల స్మారకం అక్కడే ఉంది. 1940లో అదే తేదీన జనరల్ డిగాల్ లండన్ రేడియో నుంచి ఇచ్చిన పిలుపును స్మరించుకునే కార్యక్రమానికి అధ్యక్షుడు ఇమ్మాన్యుయేల్ మాక్రాన్ వచ్చారు. వరుసగా నిలబడిన పిల్లలతో చేతులు కలుపుతూ వెళ్తుంటే ఓ కుర్రాడు "సా వా, మాను?" అన్నాడు. ఏం మాను, బాగున్నావా అని. (మాను అంటే చెట్టు కాదు, ఇమ్మాన్యుయేల్ అనే పేరుకు ముద్దుపేరు.) మాక్రాన్ ఆగిపోయారు. ఇది అధికారిక కార్యక్రమమని, పద్ధతిగా ఉండాలని, తనను 'రిపబ్లిక్ అధ్యక్షుడు గారు' అనో, కనీసం 'మస్యూ' అనో పిలవాలని అక్కడికక్కడే క్లాసు తీసుకున్నారు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. అధ్యక్షుడు చేసింది సబబేనని కొందరు, చిన్న పిల్లాడి మీదా ప్రతాపమని కొందరు రోజుల తరబడి వాదించుకున్నారు.

నిజానికి కుర్రాడి ప్రశ్నలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. 'సా వా' అంటే 'అంతా సాగుతోంది' అనే మామూలు వాక్యం. చివర గొంతు కాస్త లేపితే ప్రశ్న అయిపోతుంది. ఫ్రాన్స్‌లో రోజూ కోట్ల నోళ్లలో నలిగే ప్రశ్న అది. వచ్చిన చిక్కల్లా ఎవరిని, ఎక్కడ, ఏ రూపంలో అడిగాడన్నదే. చాలామంది గమనించని సంగతి మరొకటి ఉంది. మర్యాద నేర్పిన అధ్యక్షుడు ఆ కుర్రాణ్ని సంబోధించింది 'త్యు' అనే, అంటే 'నువ్వు' అని. అంతకు రెండు నెలల ముందు, ఏప్రిల్ 15న, ఇద్దరు సీనియర్ జర్నలిస్టులు టీవీలో రెండు గంటలకు పైగా మాక్రాన్‌ను ప్రశ్నించారు. వాళ్లు 'అధ్యక్షుడు గారూ' అనకుండా 'ఇమ్మాన్యుయేల్ మాక్రాన్' అని పేరు పెట్టి పిలిచినందుకే పెద్ద దుమారం రేగింది. ఏం అడిగారన్నది వెనక్కి పోయి, ఎలా అడిగారన్నదే ముందుకొచ్చింది.

ఫ్రెంచ్ రాజకీయాలు మనకెందుకు అనుకోవచ్చు. కానీ ఈ గొడవ ఇప్పుడు అమీర్‌పేట దాకా వచ్చింది. కెనడా శాశ్వత నివాసం కోసం ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పేరు నమోదు చేసుకుని, పాయింట్లు చాలక ఎదురుచూస్తున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకు ఫ్రెంచ్ ఒక నిచ్చెన అయింది. నాలుగు నైపుణ్యాల్లోనూ ఏడో స్థాయి అందుకుని, ఇంగ్లీష్ కూడా తగినంత ఉంటే అదనంగా 50 పాయింట్లు వస్తాయి. అంతకంటే పెద్ద ఆకర్షణ, 2023 నుంచి ఫ్రెంచ్ వచ్చినవారికి విడిగా పిలుపులు ఇవ్వడం. 2024 ఫిబ్రవరి 29 నాటి ఫ్రెంచ్ విడతలో కటాఫ్ 336కు దిగింది. సాధారణ విడతల్లో అది 500 దాటి ఉన్న రోజులవి. ఇక ఫ్రాన్స్ సంగతి చూస్తే, 2024 గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చిన మాక్రాన్ 2030 నాటికి 30 వేల మంది భారతీయ విద్యార్థులు తమ దేశానికి రావాలని లక్ష్యం ప్రకటించి వెళ్లారు.

ఈ నిచ్చెనలో ఒక మెట్టు మనవాళ్లకు కొత్త. కెనడా వలసకు రాసే టెఫ్ పరీక్షలో మౌఖిక భాగం మొదటి అంకం ఐదు నిమిషాలు. అభ్యర్థి చేతికి ఒక ప్రకటన ఇస్తారు. అద్దెకు ఇల్లు కావచ్చు, ఈత తరగతులు కావచ్చు, సెలవుల్లో చిన్న ఉద్యోగం కావచ్చు. అవతల ప్రకటనదారు పాత్రలో పరీక్షాధికారి ఉంటారు. అభ్యర్థి ఫోన్ చేసినట్టుగా మాట్లాడి పది దాకా ప్రశ్నలు అడిగి వివరాలన్నీ రాబట్టాలి. ప్రశ్నలు వేయాల్సింది పరీక్షాధికారి కాదు, అభ్యర్థి. మరో పరీక్ష టీసీఎఫ్‌లోనూ మౌఖికంలో రెండో అంశం ఇలాంటిదే. అంతదాకా ఎందుకు, అందరికంటే కింది మెట్టయిన డెల్ఫ్ ఎ1లోనే ఒక్కో మాట రాసిన చీటీలు తీసి, ఆ మాటతో పరీక్షాధికారిని ప్రశ్న అడగాల్సిన ఘట్టం ఉంది.

మనవాడికి ఒకటో తరగతి నుంచి ఎంసెట్ దాకా చదువంటే జవాబులు రాయడమే. నాలుగింటిలో ఒకటి గుర్తించడమే. తరగతిలో లేచి ప్రశ్న అడిగితే 'సిలబస్‌లో ఉందా?' అని ఎదురు ప్రశ్న వస్తుంది. అలాంటివాడికి ఎవరో ఎదురుగా కూర్చుని 'నన్ను అడుగు' అంటే నాలుక పిడచకట్టుకుపోతుంది. ఇంటర్‌లో మార్కుల కోసం రెండో భాషగా ఫ్రెంచ్ తీసుకుని తొంభైలు తెచ్చుకున్నవారికీ ఈ బెంగ తప్పదు. అక్కడ రాసిందీ జవాబులే మరి.

ఇంతకీ ఫ్రెంచ్‌లో అడగడం ఎలా? 'మీకు ఇంగ్లీష్ వచ్చా?' అన్న ఒక్క ప్రశ్ననే తీసుకుందాం. మొదటి పద్ధతి, మామూలు వాక్యాన్ని అలాగే ఉంచి చివర గొంతు లేపడం: 'వూ పార్లే ఆంగ్లే?' రెండోది, అదే వాక్యం ముందు 'ఎస్ కె' తగిలించడం: 'ఎస్ కె వూ పార్లే ఆంగ్లే?' మూడోది, క్రియను ముందుకు తెచ్చి కర్తను దాని వెనక నిలబెట్టడం: 'పార్లే-వూ ఆంగ్లే?' మూడింటి అర్థం ఒక్కటే, మర్యాదే వేరు. మొదటిది వీధిలో, ఇంట్లో, స్నేహితుల మధ్య. రెండోది ఎక్కడైనా చెల్లుతుంది. మూడోది దరఖాస్తు ఫారంలో, సంపాదకీయంలో, న్యాయస్థానంలో, టీవీ యాంకర్ నోట్లో. మన దగ్గర పాత పుస్తకాలన్నీ మూడోదాన్నే నెత్తిన పెట్టుకున్నాయి. దాంతో ఇక్కడ నేర్చుకుని పారిస్‌లో దిగినవాళ్లు బేకరీలో రొట్టె అడిగినా శాసనం చదివినట్టు ఉండేది.

తెలుగువాడికి ఇందులో ఏది దగ్గర? మనకు ప్రశ్న అంటే తోక. 'వస్తారు' చివర దీర్ఘం తీస్తే 'వస్తారా?' అయిపోతుంది. ఫ్రెంచ్‌లో ఆ తోకను పీకి వాక్యం తలకు కట్టారనుకుంటే 'ఎస్ కె' అర్థమవుతుంది. మాటకు మాట విప్పితే 'మీరు ఇంగ్లీష్ మాట్లాడతారు అన్నది అవునా?' అని అర్థం. ఒకప్పుడు ఇదీ తలకిందులైన వాక్యమే. 'అది ఇలా' అనే మాటను తిప్పితే 'అది ఇలానా' అయింది. వందల ఏళ్లుగా నోళ్లలో నలిగి ఇప్పుడు విడదీయడానికి వీల్లేని గుర్తుగా మిగిలింది. రాతలో మాత్రం పాత ఎముకలన్నీ అలాగే ఉన్నాయి. 'ఇదేమిటి?' అని అడిగే 'కెస్ కె సె?' రాయడానికి రోమన్ లిపిలో 14 అక్షరాలు కావాలి. దానికే ఇంకో తోక తగిలించి 'కెస్ కె సె కె సా?' అని కూడా ఫ్రెంచ్ వాళ్లు నిక్షేపంగా అంటారు. దాన్ని విప్పి తెలుగులో పెట్టాలంటే 'ఇది ఏమిటై ఉన్నదనేది ఏమిటి?' అనాలి. అలా విప్పకుండా మొత్తం ఒకే మాటగా మింగేయడం మేలు.

మూడో పద్ధతిలో తమాషాలు ఇంకా ఎక్కువ. 'అతనికి ఉందా?' అనడానికి 'ఆ' అనే క్రియ, 'ఇల్' అనే కర్త పక్కపక్కన వస్తే రెండు అచ్చులు ఢీకొంటాయి. మన వ్యాకరణంలో యడాగమం ఉన్నట్టే వాళ్లు మధ్యలో ఒక 'త' దూర్చారు: 'ఆ-తిల్?' కర్త పేరున్న మనిషైతే పేరూ చెప్పాలి, సర్వనామమూ చెప్పాలి. 'రాముడు, ఉన్నాడా అతను?' అన్నట్టు. ఈ 'తిల్'లో చివరి 'ల' పల్లె జనం నోట్లో ఎప్పుడో ఊడిపోయింది. మిగిలిన 'తి'ని వాళ్లు అచ్చం మన దీర్ఘంలా ప్రశ్నకు గుర్తుగా పట్టుకుని అన్ని క్రియలకూ అంటించేశారు. నేను, మీరు, వాళ్లు అన్న తేడా లేదు, ఎవరికైనా అదే 'తి'. ఈ విడ్డూరాన్ని గమనించిన గొప్ప భాషావేత్త గాస్టన్ పారిస్ 1877లో దాని మీద ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశారు. అంటే ఫ్రెంచ్ కూడా తెలుగులా తోకతో అడిగే భాష కాబోయి ఆగిపోయిందన్నమాట. ఆపింది ఎవరంటే బడి. పాఠశాలల్లో 'తి' మోటుదైపోయింది, ఫ్రాన్స్‌లో పల్లెలకే పరిమితమై అక్కడా దాదాపు అంతరించింది.

అయితే అట్లాంటిక్ దాటి వెళ్లినవారు దాన్ని వదల్లేదు. క్యూబెక్‌లో ఆ 'తి' కాస్తా 'త్యు'గా మారి ఈనాటికీ దర్జాగా బతుకుతోంది. 'సా వా త్యు?' అంటే బాగున్నావా. 'సె త్యు ల్వా?' అంటే దూరమా. ఇక్కడి 'త్యు'కు, నువ్వు అనే అర్థమున్న 'త్యు'కు సంబంధం లేదు. అది తెలియని కొత్తవాళ్లు 'త్యు వ్యా త్యు?' అని వినగానే 'నువ్వు వస్తావు నువ్వు' అని అర్థం చేసుకుని తెల్లమొహం వేస్తారు. అది ఉత్త 'వస్తావా?'.

ఎవరు, ఏమిటి, ఎక్కడ లాంటి మాటలతో అడిగే ప్రశ్నల దగ్గర తెలుగువాడికి మరో ఊరట ఉంది. మన ప్రశ్న పదాలన్నీ 'ఎ'తో మొదలైతే, వాళ్లవి ఎక్కువగా 'క'తో: కి (ఎవరు), కె (ఏమిటి), కాఁ (ఎప్పుడు), కొమాఁ (ఎలా), కొంబ్యాఁ (ఎంత). ఎక్కడికి 'ఊ', ఎందుకుకు 'పుర్‌క్వా' మాత్రం వేరు. ఆ అరసున్నలు అచ్చు తప్పులు కావు. మన అచ్చుయంత్రాల్లోంచి అరసున్నను ఎప్పుడో సాగనంపాం కానీ, ఫ్రెంచ్ వాళ్లు ముక్కుతో పలికే శబ్దాలకు దానికంటే మంచి గుర్తు దొరకదు. 'త్యు' కూడా సరిగ్గా త్యు కాదు. మూతిని 'ఉ'కు చుట్టినట్టు చుట్టి లోపల 'ఇ' పలకాలి. ఇదొక్కటి పట్టుబడటానికి వారం పడుతుంది.

ఈ పదాలను ఎక్కడ పెట్టాలన్నది పుస్తకంలో ఒకలా, నోట్లో ఒకలా ఉంటుంది. 'నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు?' అనడానికి పుస్తకం 'ఊ వా-త్యు?' అంటుంది. మధ్యస్థంగా 'ఊ ఎస్ కె త్యు వా?' అనొచ్చు. కానీ పారిస్ మెట్రోలో వినిపించేది 'త్యు వా ఊ?'. మామూలు వాక్యంలో ఊరి పేరు ఉండాల్సిన చోట 'ఊ' కూర్చుంది, అంతే. ఇది తెలుగు పద్ధతి. మనమూ 'నువ్వు విజయవాడకు వెళ్తున్నావు'లో విజయవాడను తీసి 'ఎక్కడికి' పెడతాం తప్ప వాక్యాన్ని తలకిందులు చేయం. ఇంగ్లీష్ మీదుగా ఫ్రెంచ్‌కు వెళ్లేవారు ఇక్కడ అనవసరంగా దారి చుట్టు తిరుగుతారు. ధర అడగడానికీ ఇదే సూత్రం: 'సె కొంబ్యాఁ?' ఎంత, ఎన్ని, ఎందరు అనే మూడు మాటల పనీ ఈ ఒక్క 'కొంబ్యాఁ' చేస్తుంది.

ఇంకో పోలిక తెలిస్తే చాలా శ్రమ తప్పుతుంది. మనకు 'రాముడు నిన్న వచ్చాడా?' వేరు, 'రాముడా నిన్న వచ్చింది?' వేరు, 'నిన్ననా రాముడు వచ్చింది?' వేరు. అనుమానం ఏ మాట మీద ఉంటే ఆ మాటకే తోక తగిలిస్తాం. ఇంగ్లీష్ ఈ పని ఎక్కువగా గొంతు ఒత్తుతో లాక్కొస్తుంది. ఫ్రెంచ్‌కు మాత్రం దీనికి తిన్నని దారి ఉంది. అనుమానమున్న మాటను 'సె', 'కి'ల మధ్య ఇరికిస్తుంది: 'సె రామ కి ఎ వెన్యు?' రాముడేనా వచ్చింది అని. మనిషి మీద కాక రోజు మీద అనుమానమైతే 'సె', 'కె'ల మధ్య. మాట్లాడే ఫ్రెంచ్‌లో ఈ రకం ప్రశ్నలు కుప్పలు తెప్పలు. తరగతుల్లో చివరి పాఠాల్లో చెప్పే ఈ ముక్క తెలుగు పిల్లలకు మొదటి నెలలోనే చెప్పొచ్చని ఈ విలేకరి అభిప్రాయం.

వ్యాకరణం ఇంతే. మర్యాద దగ్గరే అసలు పేచీ. ఫ్రాన్స్‌లో దుకాణంలోకి వెళ్లి నేరుగా 'పాలు ఎక్కడున్నాయి?' అని అడిగితే, ఎంత స్వచ్ఛమైన ఫ్రెంచ్‌లో అడిగినా ముఖం మాడ్చుకుని జవాబిస్తారు, ఒక్కోసారి అదీ ఇవ్వరు. ముందు 'బోంజూర్' అనాలి, వెంట 'మస్యూ' అనో 'మదామ్' అనో చేర్చాలి. మనం 'ఏవండీ' అన్నట్టు, 'అన్నా' అన్నట్టు. ఆ మాట లేకుండా అడిగితే మనిషిని కాక యంత్రాన్ని అడిగినట్టు వాళ్ల లెక్క. ఈ 'మస్యూ' హైదరాబాదీలకు పాత చుట్టమే. నిజాం కొలువులో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచ్ సేనాని మస్యూ రేమండ్ జనం నోట్లో 'మూసారాం' అయ్యాడు, ముసారాంబాగ్‌గా మిగిలాడు. క్యూబెక్‌లో అయితే ఈ పలకరింపు శాసనసభకే ఎక్కింది. మాంట్రియల్ దుకాణదారులు 'బోంజూర్-హాయ్' అని రెండు భాషల్లో పలకరించడం మాని ఒక్క 'బోంజూర్' అనాలని 2017 నవంబర్ 30న సభ ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఆ తర్వాత త్యు, వూ. మన నువ్వు, మీరు లాంటివే కాబట్టి ఇంగ్లీష్ వాడికంటే మనకు సులువు అనుకుంటాం. సగమే నిజం. మనలో చాలా ఇళ్లలో అమ్మను నువ్వు, నాన్నను మీరు అంటాం. అక్కడ సాధారణంగా ఇద్దరూ త్యునే. దేవుణ్ని మనమూ నీవే అంటాం, వాళ్లూ 1966 నుంచి ప్రభువు ప్రార్థనలో త్యు అంటున్నారు. అంతకు ముందు ఆ ప్రార్థనలో 'వూ' ఉండేది. కానీ మనం ఇంట్లో పనిమనిషిని, ఆటో నడిపే అతన్ని, హోటల్లో టీ తెచ్చే కుర్రాణ్ని అలవాటుగా నువ్వు అంటామే, అక్కడ అది కుదరదు. వెయిటర్ 18 ఏళ్లవాడైనా 'వూ'నే. ముక్కూ మొహం తెలియని పెద్దవాళ్లెవరికైనా అంతే. తెలుగువాడు తప్పటడుగు వేసేది పైవాళ్ల దగ్గర కాదు, కిందివాళ్లని తాను అనుకునేవారి దగ్గర.

రాజనీతిశాస్త్రం చదివినవారికి ఈ రెండక్షరాల చరిత్ర ఒక పాఠ్యాంశమంత ఉంటుంది. 1793లో విప్లవ ప్రభుత్వం హెచ్చుతగ్గులు పోవాలంటూ కార్యాలయాల్లో అందరూ అందరినీ త్యు అనాలని ఆదేశించింది. రాజును గద్దె దించినంత తేలిగ్గా 'వూ'ను దించలేకపోయారు. కొన్నేళ్లకే అది తిరిగొచ్చింది. రెండు శతాబ్దాల తర్వాత గొడవ తిరగబడింది. పారిస్ శివారు కాలనీల్లో అరబ్బు, ఆఫ్రికా మూలాలున్న కుర్రాళ్లను పోలీసులు ఆపి, కాగితాలేవి అని త్యుతో ప్రశ్నించడం ఏళ్ల తరబడి ఒక పెద్ద ఫిర్యాదు. 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన పోలీసు నియమావళి, జనంతో 'వూ' అనే మాట్లాడాలని ఆదేశించింది. సమానత్వం కోసం ఒకప్పుడు త్యు, ఇప్పుడు వూ. ఏ సర్వనామమైనా ఇద్దరూ ఒకరినొకరు అదే అనుకున్నప్పుడే సమానం.

అనుమానం అడగడంలోనూ పద్ధతి ఉంది. మాట వినపడకపోతే 'క్వా?' అంటే 'ఏంటి?' అన్నట్టు మొరటు. 'కొమాఁ?' అనమని తల్లులు పిల్లలకు నేర్పుతారు. మనింట్లో 'ఆఁ ఏంటి?' అంటే 'ఏంటండీ అనాలి' అని దిద్దినట్టే. ఇక 'కదా' అనే మన ఊతపదానికి వాళ్ల దగ్గర 'నెస్ పా?' ఉంది. వాక్యం ఏదైనా మారకుండా చివర కూర్చుంటుంది.

పరాయి ఆఫీసుల్లో కొంప ముంచేది మాత్రం వ్యతిరేక ప్రశ్న. 'మీకు అక్కడ బంధువులెవరూ లేరా?' అని అడిగితే, లేకపోతే మనం 'అవునండీ, లేరు' అంటాం. అడిగినవాడి మాట నిజమని మన 'అవును' అర్థం. ఫ్రెంచ్‌లో అలాంటి చోట 'వీ' అంటే అధికారికి అయోమయం. లేరని చెప్పాలంటే 'నోఁ' అనాలి. ఉన్నారని చెప్పాలంటే 'వీ' కాదు, దానికి ప్రత్యేకంగా 'సి' అనే మాట ఉంది. మీరనుకున్నది తప్పు, ఉన్నారు అని అర్థం. ఇంగ్లీష్‌లో ఈ మాట లేదు, తెలుగులోనూ లేదు. రెండక్షరాల రోమన్ స్పెల్లింగ్, కానీ ప్రిఫెక్చర్ కౌంటర్ దగ్గర పది వాక్యాల వివరణను తప్పిస్తుంది.

మనిషిని మనిషి అడగడం ఇలా ఉంటే, రాజ్యం పౌరుణ్ని అడిగేటప్పుడు మళ్లీ మూడో పద్ధతే, క్రియ ముందుగా. 2005 మే 29న యూరప్ రాజ్యాంగ ఒప్పందంపై 'ఆమోదిస్తారా మీరు...' అని తలకిందుల వాక్యంలోనే అడిగారు. సుమారు 55 శాతం మంది కాదన్నారు. పసిఫిక్‌లోని ఫ్రెంచ్ భూభాగం న్యూ కాలెడోనియాలో ప్రశ్న రాయడానికే పెద్ద పంచాయితీ జరిగింది. ప్రశ్నలో 'స్వాతంత్ర్యం' అనే మాట ఉండాల్సిందేనని ఫ్రాన్స్‌తో ఉందామనే వర్గం, 'పూర్తి సార్వభౌమత్వం' ఉండాలని విడిపోదామనే వర్గం పట్టుబట్టాయి. 2018 మార్చిలో పారిస్‌లో కూర్చుని చివరికి రెండు మాటలూ చేర్చి ఒకే ప్రశ్న చేశారు. అదే ప్రశ్నను 2018, 2020, 2021ల్లో మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ 'కాదు' గెలిచింది, కానీ మూడోసారి స్వాతంత్ర్యవాదులు పోలింగ్‌ను బహిష్కరించారు. అడిగిన తీరు, అడిగిన వేళ నచ్చనివాడు జవాబే చెప్పడన్నమాట.

ఇలాంటి ప్రశ్న తెలుగు గడ్డ మీదా ఒకసారి పడింది. 1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉన్న యానాం, పుదుచ్చేరి, కారైకల్, మాహేలతో పాటు భారత్‌లో కలిసింది. 1956 ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చాక, అక్కడ పుట్టి అక్కడే ఉంటున్న ఫ్రెంచ్ పౌరులు వాటంతటవే భారతీయులయ్యారు. ఫ్రెంచ్ పౌరసత్వమే కావాలనుకునేవారికి లిఖితపూర్వకంగా చెప్పడానికి ఆరు నెలలు గడువిచ్చారు. గోదావరి ఒడ్డున తెలుగు మాట్లాడే కుటుంబాలకు కాగితం మీద ఎదురైన ప్రశ్న అది. అడగనివారికి జవాబు రాజ్యమే రాసేసింది. రాసి ఇచ్చినవారి వారసులు పుదుచ్చేరి ప్రాంతంలో నేటికీ ఫ్రాన్స్ ఎన్నికల్లో ఓటేస్తున్నారు.

ఇప్పుడు పౌరసత్వం అంత సులువు కాదు. 2024 జనవరి 26న, సరిగ్గా మాక్రాన్ ఢిల్లీలో మన కవాతు చూస్తున్న రోజున, ఫ్రాన్స్‌లో కొత్త వలస చట్టం వెలువడింది. దాని ప్రకారం 2026 జనవరి 1 నుంచి బహుళ సంవత్సరాల నివాస కార్డు తొలిసారి తీసుకోవడానికి చాలామందికి ఎ2 స్థాయి ఫ్రెంచ్ తప్పనిసరి. పదేళ్ల కార్డుకు బి1. పౌరసత్వానికి ఇదివరకు బి1 సరిపోయేది, దాన్ని బి2కి పెంచారు. బి2 అంటే వాదించగలగాలి, ఎదుటివాడిని నిలదీయగలగాలి. భవన నిర్మాణంలో, హోటళ్లలో గంటల తరబడి నిలబడి పనిచేసే వలస కూలీకి అది ఎప్పుడు, ఎక్కడ నేర్పుతారన్న ప్రశ్నకు చట్టం దగ్గర గట్టి జవాబు లేదు.

టెఫ్ అభ్యర్థికి మాత్రం లెక్క నిమిషాల్లో ఉంది. మొదటి అంకంలో ఐదు నిమిషాలు, పది ప్రశ్నలు, అన్నీ వూతో. ప్రకటనదారు అపరిచితుడు కాబట్టి 'ఎస్ కె' వాడాలి, అక్కడక్కడా క్రియను ముందుకు తిప్పాలి. రెండో అంకం పది నిమిషాలు. ఇప్పుడు అదే పరీక్షాధికారి అభ్యర్థికి స్నేహితుడు. ఒక పనికి అతణ్ని ఒప్పించాలి, త్యుతో, గొంతు లేపి అడిగే మామూలు ప్రశ్నలతో. మొదటి అంకం ధాటిలో రెండో దాంట్లోనూ వూ అనేస్తే, ఇంట్లో తమ్ముణ్ని 'తమరు దయచేస్తారా?' అన్నట్టుంటుంది. కోచింగ్ సెంటర్లు పది ప్రశ్నలూ బట్టీ పట్టిస్తున్నాయి. అయితే పరీక్షాధికారి సూటిగా జవాబివ్వకుండా కొంచెం మెలిక పెడితే, దాని మీద పదకొండో ప్రశ్న సొంతంగా పుట్టాలి.

తమాషా ఏమిటంటే, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఇలా ఎంపికయ్యేవారు క్యూబెక్ బయట స్థిరపడేవారై ఉండాలి. క్యూబెక్ తన మనుషుల్ని తానే ఎంచుకుంటుంది. అంటే ఏడాది పాటు అరసున్నలు సాధన చేసి, ఫ్రెంచ్ పాయింట్లతో విమానమెక్కినవాడు దిగేది టొరంటోలోనో, కాల్గరీలోనో. అక్కడ వాటితో పెద్దగా పనిపడకపోవచ్చు. ఎప్పుడైనా సెలవుల్లో మాంట్రియల్ వెళ్లి రెస్టారెంట్లో కూర్చుంటే, వడ్డించే అమ్మాయి నవ్వుతూ 'సా వా త్యు?' అంటుంది. అతను నేర్చుకున్న మూడు పద్ధతుల్లోనూ అది లేదు.